కుక్క చాక్లెట్ తినేస్తే: మొదటి పది నిమిషాల నుంచి మూడో రోజు దాకా

మా ఆడపడుచు అమెరికా నుంచి వచ్చిన రాత్రి సూట్‌కేసు హాల్లో నేల మీదే తెరిచి ఉంది. అందరం భోజనాల దగ్గర ఉన్నాం. దివాన్ కింద నుంచి రేకు కాగితం నలిగే చప్పుడు వస్తుంటే వంగి చూశాను. మా బంటిగాడు ముందుకాళ్ళ మధ్య చాక్లెట్ బారు ఇరికించుకుని, ఎముక కొరికినట్టు తల పక్కకి వాల్చి నములుతున్నాడు. తెల్లటి మూతి నిండా గోధుమరంగు.

తర్వాతి ఇరవై నిమిషాల్లో మేం చేసినవన్నీ తప్పులే. రేపర్‌ని నేను చెత్తబుట్టలో పడేశాను. అత్తయ్య "అమ్మాయ్, ఉప్పునీళ్ళు పట్టు, కక్కేస్తాడు" అంటే గ్లాసులో రెండు చెంచాల ఉప్పు కలిపాను. మావారు ఫోన్‌లో వెతుకుతూ ఒకచోట ఏం కాదని, ఇంకోచోట ప్రాణం పోతుందని చదివి వినిపిస్తూ అందరి టెన్షన్ పెంచారు. అదృష్టం బాగుండి, ఉప్పునీళ్ళు నాలుకకి తగలగానే బంటిగాడు తల విదిలించి ఉమ్మేశాడు. చివరికి క్లినిక్‌కి ఫోన్ చేస్తే డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "రేపర్ మీద ఎంత శాతం అని ఉందమ్మా?" అప్పుడు చెత్తబుట్ట బోర్లించాను. చారు మెతుకుల మధ్య నుంచి రేపర్ తీసి తుడిచి చదివాను: 72 శాతం.

కుక్క చాక్లెట్ తిన్నదని తెలియగానే మన కాళ్ళు వంటింటి వైపు పోతాయి. అటు వద్దు. చెత్తబుట్ట వైపు వెళ్ళండి. కింద రాసినదంతా ఆ రాత్రి నేర్చుకున్నదీ, ఆ తర్వాత డాక్టర్లని విసిగించి తెలుసుకున్నదీ.

ఒక్క మాట ముందే చెప్పాలి. మీ కుక్క ఇప్పటికే వణుకుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, పడుకుని కూడా ఆపకుండా రొప్పుతున్నా ఇది చదవడం ఆపి డాక్టరు దగ్గరికి బయల్దేరండి. దారిలో ఇంకెవరిచేతైనా ఫోన్ చేయించండి.

అసలు చాక్లెట్‌లో ఏముంది

కోకో గింజలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది, కొంచెం కెఫీన్ కూడా. పేరులో బ్రోమిన్ వినిపిస్తుంది గానీ దానికీ బ్రోమిన్‌కీ సంబంధం లేదు. కోకో చెట్టుకి లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామం థియోబ్రోమా, అంటే దేవతల ఆహారం. ఆ పేరే దీనికీ వచ్చింది. ఈ రెండూ గుండెనీ నరాలనీ ఉరకలు పెట్టిస్తాయి. మనం తిన్నది మన ఒళ్ళు త్వరగానే వదిలించుకుంటుంది. కుక్క ఒంట్లో మాత్రం థియోబ్రోమిన్ సగానికి తగ్గడానికే సుమారు 17, 18 గంటలు పడుతుంది. అందుకే రాత్రి తిన్న చాక్లెట్ గొడవ మర్నాడు సాయంత్రమైనా తీరదు, ఒక్కోసారి మూడు రోజులు లాగుతుంది.

"మా కుక్క ఎన్నిసార్లో తింది, ఏం కాలేదు" అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. పాతిక కిలోల కుక్క చిన్న పాల చాక్లెట్ ముక్క తింటే నిజంగానే ఏమీ కాదు. ఏ చాక్లెట్, ఎంత, ఎన్ని కిలోల కుక్క అన్న మూడింటి మీదే అంతా ఉంది.

మొదట చేయాల్సింది: లాక్కోండి, వెతకండి, తూచండి

మిగిలిన చాక్లెట్‌ని అందకుండా తీసేయండి. నోట్లో ఇంకా ముక్క ఉంటే, మీ చేత్తో తీయించుకునే అలవాటు దానికుంటేనే తీయండి. కొత్త కుక్కైతే వేలు పోతుంది. అరిచి వెంటపడితే ఉన్నది కూడా గబుక్కున మింగేస్తుంది. దానికిష్టమైనది ఏదైనా చూపించి అక్కడి నుంచి లేపడం తేలిక.

తర్వాత రేపర్ వెతకండి. ముక్కలైపోయి ఉంటే ఆ ముక్కలన్నీ నేల మీద పేర్చి చూడండి, ఎంత కాగితం తగ్గిందో తెలుస్తుంది. రేకుతో పాటు ప్లాస్టిక్కు కూడా మింగిందేమో చూడటం మరీ ముఖ్యం. అది పేగుల్లో అడ్డుపడితే అదొక వేరే రోగం. చూసుకున్న రేపర్‌ని ఫోటో తీసి జేబులోనే పెట్టుకోండి.

కుక్క బరువు తెలియకపోతే, దాన్ని ఎత్తుకుని తూకం మిషన్ మీద నిలబడండి. తర్వాత ఒక్కరే నిలబడి తీసివేయండి. బంటిగాడు 9 కిలోలు. పొమేరియన్ అనుకుని తెచ్చుకున్నాం. మన దగ్గర పొమేరియన్ పేరుతో తిరిగే తెల్లకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే, అసలు పొమేరియన్ మూడు కిలోలకి అటూఇటూగానే ఉంటుంది. కాబట్టి ఫోన్‌లో "పొమేరియన్ అండీ" అని ఊరుకోకుండా కిలోలు చెప్పండి.

ఎప్పుడు తిని ఉంటుందో టైం రాసుకోండి. చూడలేదంటే, సూట్‌కేసు తెరిచిన టైమో, మీరు బజారుకి వెళ్ళిన టైమో, వీలైనంత వెనక్కి వేసుకోండి. ఇంట్లో రెండు కుక్కలుంటే, మొత్తం ఒక్కటే తిన్నదనుకుని రెండింటికీ విడివిడిగా లెక్క కట్టండి.

లెక్క ఇలా

తిన్న గ్రాముల్ని, గ్రాముకి ఉండే విషం మిల్లీగ్రాములతో గుణించి, కుక్క బరువుతో భాగించాలి. గ్రాముకి ఎంత అన్నది చాక్లెట్ రకాన్ని బట్టి ఉంటుంది. థియోబ్రోమిన్, కెఫీన్ రెండూ కలిపి సుమారు లెక్కలివి:

వైట్ చాక్లెట్: దాదాపు ఏమీ లేదు
పాల చాక్లెట్: 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు
మామూలు డార్క్: 5 నుంచి 6
70 శాతం పైబడిన డార్క్: 8 నుంచి 9
తీపి కలపని బేకింగ్ చాక్లెట్: 14 నుంచి 16
కోకో పౌడర్: 20 నుంచి 28

ఇలా వచ్చిన అంకె కుక్క కిలో బరువుకి ఎన్ని మిల్లీగ్రాములో చెబుతుంది. 20 దగ్గర వాంతులు, విరేచనాలు, దాహం, ఒకచోట నిలవలేకపోవడం మొదలవుతాయి. 40, 50కి వచ్చేసరికి గుండె లయ తప్పుతుంది. 60 దాటితే ఫిట్స్. 100 దాటితే ప్రాణం మీదికే వస్తుంది, కొన్ని కుక్కలకి అంతకంటే తక్కువకే రావచ్చు.

మా బంటిగాడి సంగతి చూడండి. 100 గ్రాముల బారులో పది గళ్ళు, మిగిలినవి నాలుగు. అంటే 60 గ్రాములు లోపలికి పోయాయి. 72 శాతం కాబట్టి గ్రాముకి 9 వేసుకుంటే 540 మిల్లీగ్రాములు. 9 కిలోలతో భాగిస్తే 60. అదే 60 గ్రాములు పాల చాక్లెట్ అయితే కిలోకి 17 లోపే ఉండేది, కడుపు పాడై ఊరుకునేది. అదే 72 శాతం బారు 30 కిలోల లాబ్రడార్ తిన్నా 18 దాటేది కాదు. మేం ఫోన్‌లో చదివిన రెండు మాటలూ అబద్ధాలు కావు, ఎవరి కుక్క లెక్క వాళ్ళది.

కోకో పౌడర్‌తో మరీ జాగ్రత్త. ఇంట్లో కేకు చేసేవాళ్ళు డబ్బా మూత పెట్టడం మర్చిపోతారు. రెండు పెద్ద చెంచాలంటే పది, పదిహేను గ్రాములే అనిపిస్తుంది గానీ, మా బంటిగాడంత కుక్కకి అది కిలోకి 30, 40 మిల్లీగ్రాములు. బేకరీ కేకు అయితే లెక్క కుదరదు. ఎంత కోకో వేశారో, పైన పూసింది ఏ రకమో మనకి తెలియదు. నల్లగా, చేదుగా ఉంటే డార్క్ కిందే లెక్కేసుకోండి. కేకుల కోసం కొనే డార్క్ కాంపౌండ్ పలకలకి కూడా నేను అదే సూత్రం పాటిస్తాను. చాక్లెట్ క్రీమ్ బిస్కెట్ ఒకటో రెండో తిన్నదని మాత్రం రాత్రంతా మేలుకోనక్కర్లేదు.

కుక్క ముసలిదైనా, గుండె జబ్బున్నా, ఇదివరకు ఫిట్స్ వచ్చినా, కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ఈ అంకెల్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు. ఈ విషం గర్భంలోని పిల్లలకీ, పాలలోకీ కూడా చేరుతుంది.

రేపర్ వెనక్కి తిప్పి చదవండి

అసలు ప్రమాదం ఒక్కోసారి కోకోలో ఉండదు. అమెరికా సూట్‌కేసుల్లో వచ్చే సరుకు మరీను. షుగర్ ఉన్న నాన్నగారి కోసమని తెచ్చే షుగర్ ఫ్రీ చాక్లెట్‌నే తీసుకోండి. అందులో చక్కెర బదులు వాడే జైలిటాల్ ఉంటే కోకో లెక్క పక్కన పెట్టి వెంటనే బయల్దేరాలి. జైలిటాల్ మన ఇన్సులిన్‌ని పెద్దగా కదిలించదు. కుక్క ఒంట్లో మాత్రం ఇన్సులిన్‌ని ఒక్కసారిగా ఎగదోస్తుంది. కొన్నిసార్లు పది నిమిషాల్లోనే, మామూలుగా గంటలోపు షుగర్ పడిపోయి కుక్క కూలబడుతుంది. మోతాదు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. కిలో బరువుకి 100 మిల్లీగ్రాములు చాలు షుగర్ పడిపోవడానికి. మన దేశపు ప్యాకెట్ల మీద పేరు బదులు 967 అనే నంబరు ఉండొచ్చు. కొన్ని విదేశీ ప్యాకెట్ల మీద బర్చ్ షుగర్ అని ఉంటుంది. మన షుగర్ ఫ్రీ సరుకులో ఎక్కువగా కనిపించే 965, అంటే మాల్టిటాల్, ఇలా షుగర్ పడేయదు. విరేచనాలతో సరిపోతుంది.

ఎండుద్రాక్ష ఉన్న చాక్లెట్ ఇంకో సమస్య. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. దేనికి ఎన్ని పడవో ముందుగా చెప్పలేం. దీనికి టార్టారిక్ ఆమ్లం కారణమని ఈమధ్య గట్టిగా అనుకుంటున్నారు. చింతపండు తిన్న కుక్కల్లోనూ కిడ్నీ దెబ్బతిన్న కేసులు బయటపడటంతో ఆ అనుమానం బలపడింది. కాబట్టి "చింతపండు రసం పడితే విరుగుడు" అని ఎవరైనా అంటే, అది విరుగుడు కాదు సరికదా, రెండో విషం.

మెకడేమియా గింజలు తింటే కుక్కకి వెనక కాళ్ళు పట్టు తప్పుతాయి. చాక్లెట్ పూసిన కాఫీ గింజల్లో కెఫీన్ బోలెడు. ఆ మాటకొస్తే మన ఇళ్ళలో ఫిల్టర్ కాఫీ పొడి, టీ పొడి కూడా ఇదే కోవలోకి వస్తాయి. డికాక్షన్ తీశాక మిగిలే పిప్పిని మొక్కల మొదట్లో వేసే అలవాటుంటే కుక్కున్న ఇంట్లో మానుకోవాలి.

ఫోన్‌లో ఇలా చెప్పండి

క్లినిక్‌కి ఫోన్ చేసి ఏడుస్తూ "మా కుక్క చాక్లెట్ తినేసిందండీ" అంటే అవతల వాళ్ళు ఒక్కొక్కటీ అడిగి రాబట్టుకోవాలి. చేతిలో లెక్క ఉంటే అర నిమిషంలో అయిపోతుంది:

"సార్, తొమ్మిది కిలోల కుక్క, నాలుగేళ్ళు, మగది. 72 శాతం డార్క్ చాక్లెట్ 60 గ్రాములు తిన్నాడు. తొమ్మిదింబావుకి చూశాం, ఓ పావుగంట ముందు తిని ఉంటాడు. ఇంకా వాంతి కాలేదు, వణుకు లేదు. రేకు కూడా కొంచెం మింగాడు. వేరే జబ్బులేం లేవు. మీ దగ్గర ఇప్పుడు వాంతి చేయించే ఇంజెక్షన్, సెలైన్ ఉన్నాయా?"

ఆ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. రాత్రిపూట కొన్ని క్లినిక్‌ల్లో వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరిగితే పోయే ముప్పావుగంట మళ్ళీ రాదు. అందుకే ఇవాళే, ఏ గొడవా లేనప్పుడే, మీ ఊళ్ళో రాత్రి తెరిచి ఉండే క్లినిక్ ఏదో కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. వాటి పనివేళలు కూడా ముందే తెలుసుకోండి. 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. కానీ అది ముఖ్యంగా పాడి పశువులు, గొర్రెలు, మేకల కోసం పెట్టింది. రాత్రి పది గంటలకి దాని మీదే ఆశ పెట్టుకోకండి.

అమెరికాలో ఉండేవాళ్ళకి ఈ విషయంలో సుఖం. ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్ళ విషాల కేంద్రం 888 426 4435, పెట్ పాయిజన్ హెల్ప్‌లైన్ 855 764 7661, రెండూ రాత్రింబవళ్ళు పలుకుతాయి. ఫీజు తీసుకుంటారు గానీ లెక్క కట్టి ఇంట్లో ఉండొచ్చో, ఆసుపత్రికి పరుగెత్తాలో చెప్తారు.

మరి ఎప్పుడు వెళ్ళాలి? లెక్క 20 దగ్గరికి వస్తే, ఎంత తిన్నదో తేలకపోతే, జైలిటాల్ గానీ ఎండుద్రాక్ష గానీ ఉంటే వెళ్ళాల్సిందే. దానికి చాలా తక్కువుండి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కైతే ఫోన్ చేసి, డాక్టరు సరేనంటే ఇంట్లో చూసుకోవచ్చు. మరీ సందేహమైతే వెళ్ళడమే నయం అంటాను నేను. అనవసరంగా వెళ్తే పోయేది ఆటో డబ్బులూ ఫీజూ.

వంటింట్లో ఏమీ లేదు

అందరూ మొదట అనే మాట ఉప్పునీళ్ళు. పురుగుమందు తాగినవాళ్ళకి ఉప్పునీళ్ళు పట్టించడం మన ఊళ్ళలో ఎప్పటి నుంచో చూస్తున్నాం కాబట్టి చెయ్యి అటే పోతుంది. కుక్కకి ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి వణుకు, ఫిట్స్ వస్తాయి. అంటే చాక్లెట్ చేసే పనే ఉప్పూ చేస్తుంది. అప్పుడు ఫిట్స్ ఎందుకొచ్చాయో తేల్చుకోవడం డాక్టరుకి కూడా కష్టం. ఆ రాత్రి మా డాక్టరుగారు ఒక్కసారే గొంతు పెంచారు, నేను ఉప్పు సంగతి చెప్పినప్పుడు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టమని అమెరికా వీడియోల్లో చెప్తారు. వాళ్ళు చెప్పేది 3 శాతం ద్రావణం, అదీ డాక్టరు ఫోన్‌లో ఉండి మోతాదు చెప్తేనే. మన మందుల షాపులో మామూలుగా ఇచ్చే సీసా మీద 20 వాల్యూమ్స్, 6 శాతం అని ఉంటుంది. సరిగ్గా రెట్టింపు. అది అన్నవాహికనీ కడుపునీ పుండ్లు చేస్తుంది. గొంతులో వేలు పెట్టి కక్కించడం, ఆవనూనె పట్టడం, సబ్బునీళ్ళు, ఏదీ వద్దు. పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కల్లో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే భయం మరీ ఎక్కువ. అప్పటికే వణుకుతున్న కుక్కకీ, మత్తుగా ఉన్న కుక్కకీ వాంతి చేయించడం ఇంకా ప్రమాదం.

పాలు పడితే విరిగిపోతుందంటారు. థియోబ్రోమిన్‌ని పాలు ఏమీ చెయ్యలేవు. విరేచనాలు ఎక్కువవుతాయంతే. బొగ్గు మంచిదట కదా అని పొయ్యిబొగ్గు నూరేవాళ్ళున్నారు. డాక్టర్లు వాడే యాక్టివేటెడ్ చార్‌కోల్ వేరు, ఇది వేరు. గ్యాస్‌కి వేసుకునే నల్ల మాత్రల్లో ఉండేది అసలైన చార్‌కోలే. కానీ ఒక్కో మాత్రలో ఉండేది కొన్ని పదుల మిల్లీగ్రాములు. డాక్టర్లు వాడేది కుక్క కిలో బరువుకి గ్రాము చొప్పున, అంతకంటే ఎక్కువ కూడా. బంటిగాడికి వందకి పైగా మాత్రలు మింగించాలన్నమాట, పైగా వాటిలో వేరే మందులూ కలిసి ఉంటాయి.

మంచినీళ్ళు గిన్నెలో పెట్టండి, తాగితే తాగనివ్వండి. వంటింటి నుంచి తేవాల్సింది అదొక్కటే.

దారిలో

కారులో ఏసీ వెయ్యండి, ఆటో అయితే గాలి తగిలేలా పట్టుకోండి. ఈ విషంతో ఒళ్ళు వేడెక్కుతుంది. పాత తువ్వాలు రెండు, రేపర్, బెల్టు పట్టుకెళ్ళండి. వాంతి చేసుకుంటే తల కిందికి వాల్చండి, మింగకుండా. దాన్ని ఫోటో తీస్తే డాక్టరుకి పనికొస్తుంది. ఫిట్స్ వస్తే మూతి పట్టుకోవద్దు, నోట్లో చెయ్యి పెట్టొద్దు. మనుషులకి ఫిట్స్ వచ్చినప్పుడు తాళంచెవులు పట్టించినట్టు దీనికీ ఏదో ఒకటి కరిపించాలని చూడొద్దు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరిపి, టైం చూసుకోండి.

క్లినిక్‌లో ఏం చేస్తారు

దీనికి విరుగుడు మందంటూ లేదు. లోపలున్నది బయటికి తెప్పించడం, రక్తంలోకి పోయింది ఒంట్లోంచి వెళ్ళేదాకా కుక్కని కాపాడుకోవడం, ఇంతే వైద్యం. తిన్న రెండు గంటల లోపు అయితే వాంతి చేయించే ఇంజెక్షన్ ఇస్తారు. చాక్లెట్ కడుపులో ముద్దలా గడ్డకట్టి నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి, కాస్త ఆలస్యమైనా కొందరు డాక్టర్లు ప్రయత్నిస్తారు. బంటిగాడికి సూది వేసిన కొద్ది నిమిషాలకి మూడుసార్లు వాంతయింది. గది నిండా కోకో వాసన. ట్రేలో చూస్తే అన్నం మెతుకుల మధ్య చాక్లెట్ ముక్కలు ఇంకా అంచులతో సహా కనిపిస్తున్నాయి. ఇంటి దగ్గర ఉప్పుతో, ఫోన్‌తో పాడు చేసిన ఇరవై నిమిషాలు అప్పుడు గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది.

తర్వాత యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇస్తారు. థియోబ్రోమిన్ కాలేయం నుంచి పిత్తరసంతో మళ్ళీ పేగుల్లోకి వస్తుంది. అందుకే అవసరమైతే కొన్ని గంటలాగి రెండో మోతాదు కూడా ఇస్తారు. సెలైన్ ఎక్కిస్తారు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ విషం మూత్రంలోకి వచ్చాక కూడా మూత్రాశయం గోడల్లోంచి తిరిగి రక్తంలోకి పోతుంది. అందుకని గంటకో రెండు గంటలకో ఒకసారి బయటికి తిప్పి మూత్రం పోయించాలి, లేవలేని కుక్కకి గొట్టం వేస్తారు. ఆ రాత్రి మావారు బంటిగాడిని క్లినిక్ ముందున్న కానుగచెట్టు దగ్గరికి ఎన్నిసార్లు తిప్పారో లెక్కలేదు.

గుండె దడ ఎక్కువైతే ఈసీజీ చూసి మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఇస్తారు. వణుక్కి మెథోకార్బమాల్, ఫిట్స్‌కి డయాజిపామ్. ఇవన్నీ మనుషుల మందుల షాపులోనూ దొరికే పేర్లే. అలాగని ఇంట్లో వెయ్యడానికి కాదు.

ఇంట్లో ఉంచి చూసుకోమంటే

వాంతులు, దాహం, తిరుగుడు సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటల్లో మొదలవుతాయి. వణుకు, ఫిట్స్ లాంటి పెద్ద లక్షణాలకి ఆరు నుంచి పన్నెండు గంటలు పట్టొచ్చు. కాబట్టి పదకొండు గంటలకి హాయిగా పడుకుందని మీరూ పడుకోవద్దు. అలారం పెట్టుకుని గంటకోసారి చూడండి.

గుండె వేగం చూడటం తేలికే. కుక్కని కుడిపక్కకి పడుకోబెట్టి, ఎడమ మోచేయి ఛాతీకి తగిలే చోట అరచెయ్యి ఆనించండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద జాతి కుక్కకి నిమిషానికి 60 నుంచి 100, చిన్న జాతులకి 100 నుంచి 140 మామూలు. అంతకంటే బాగా ఎక్కువున్నా, కొట్టుకుంటూ మధ్యలో తప్పుతున్నా వెళ్ళిపోండి. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 లోపు ఉండాలి. పెదవి ఎత్తితే చిగురు గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయినా, నీలంగా మారినా ఆగొద్దు.

అసలు ఇదంతా ఏ గొడవా లేని రోజున ఒకసారి చేసి మీ కుక్క అంకెలు రాసి పెట్టుకుంటే మంచిది. అర్ధరాత్రి 128 అని వస్తే అది దానికి మామూలేనో కాదో అప్పుడే తెలుస్తుంది.

కోకో తోటల వాళ్ళకి రెండు మాటలు

దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. కాయ కొట్టాక గింజల చుట్టూ ఉండే తెల్లటి గుజ్జు తియ్యగా ఉంటుంది, కాపలా కుక్కలకి అది నచ్చుతుంది. పులియబెట్టి కళ్ళంలో ఆరబోసిన గింజలోనూ, దాని పొట్టులోనూ థియోబ్రోమిన్ ఉంటుంది. గింజలో అయితే పాల చాక్లెట్‌కి ఎన్నో రెట్లు. తోటలో కుక్క ఉన్నట్టుండి వాంతులతో వణుకుతుంటే, పాము కరిచిందేమో, పురుగుమందు తిన్నదేమో అనుకునే ముందు గింజల బుట్ట వైపు కూడా ఒకసారి చూడండి. డాక్టరుకి ఆ మాట చెప్పండి.

మూడు రోజులు

వణుకు తగ్గిందని అయిపోయినట్టు కాదు. చాక్లెట్‌లో కొవ్వు ఎక్కువ. ఒకటి నుంచి మూడు రోజుల్లో క్లోమం వాచే అవకాశం ఉంది. వైట్ చాక్లెట్‌లో విషం లేకపోయినా ఈ భయం ఉంటుంది. తిండి ముట్టకపోయినా, మళ్ళీ వాంతులు మొదలైనా, వీపు పైకి వంచి కడుపు ముట్టుకోనివ్వకపోయినా తిరిగి డాక్టరుకి చూపించండి. ఈ మూడు రోజులూ నెయ్యి, కొవ్వున్న మాంసం, పాలు వద్దు. డాక్టరు సరేనన్నాక మెత్తగా ఉడికించిన అన్నంలో ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్ పీచు కలిపి కొంచెం కొంచెంగా పెట్టొచ్చు. చార్‌కోల్ తాగిన కుక్కకి దొడ్డికి నల్లగా అవుతుంది, దానికి కంగారు పడకండి. రేపర్ మింగి ఉంటే మాత్రం ప్రతిసారీ పుల్లతో కదిపి చూడాలి. అసహ్యంగానే ఉంటుంది, తప్పదు. రెండు రోజులు అసలు దొడ్డికి రాకుండా వాంతులవుతుంటే ఎక్స్‌రే తీయించాలి.

బంటిగాడు మర్నాడు మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు. సాయంత్రం దాకా గడప దగ్గర కూర్చుని బయటి ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడ్డాడు. రాత్రికి పడుకున్నాడు. మూడో రోజు పొద్దున పార్కులో పుల్లతో కదుపుతుంటే గోళీకాయంత బంగారు రంగు రేకు ఉండ కనిపించింది. అక్కడి నుంచే డాక్టరుగారికి ఫోన్ చేశాను. "సరేనమ్మా, ఇంక మామూలు తిండి పెట్టండి" అన్నారు.